నాయనమ్మను కిందికి దించే మోటార్లు

మార్చి 2

మోకాళ్ళు మొరాయించినప్పటి నుంచి నాయనమ్మ మేడ దిగలేదు. ఎదురు షాపులో వాచీలు రిపేరు చేసే తాతతో చదరంగం మాత్రం ఆపలేదు. ఈవిడ బాల్కనీలోంచి ఎత్తు అరిచి చెబుతుంది, ఆయన కింద ఇద్దరి పావులూ తనే జరుపుతాడు. వీధి వీధంతా వింటుంది. తాత మోసం చేస్తున్నాడని ఈవిడకి ఈ మధ్య అనుమానం పట్టుకుంది. ఎదురుగా కూర్చుని ఆయన చేతులు చూస్తేగానీ ఇక ఆడదట. ఆట మానేసి గోడవైపు తిరిగి పడుకుంటోంది. అది నాకు నచ్చలేదు.

బాల్కనీ పక్కన చిన్న లిఫ్టు పెడతానని మాటిచ్చేశాను. ఉద్యోగం చేస్తున్నదే మోటార్ల కంపెనీలో. ఆ మాత్రం చేయలేనా?

మార్చి 9

చేయలేను.

ఇనుప పలక. దానికి రెండు వైపులా నిలువునా రెండు పొడుగాటి స్క్రూలు. ఒక్కో స్క్రూని తిప్పడానికి, అడుగులు లెక్కపెట్టినట్టు కొంచెం కొంచెంగా తిరిగే స్టెప్పర్ మోటారు ఒక్కోటి. కరెంటు పోయినా పలక జారదు, అంతవరకు మంచిదే. ఒక మోటారు కొత్తది. అలాంటిది రెండోది స్టాకు లేదన్నారు. స్క్రాపులో పడున్న ప్యాకింగ్ మెషీనుది ఊడబీక్కొచ్చాను. మోటార్లను నడిపే పెట్టె, అదే డ్రైవు, ఎలాగూ క్లోజ్డ్ లూప్. వెనకున్న ఎన్‌కోడర్ మోటారు ఎంత తిరిగిందో చెబుతుంది, తేడా వస్తే డ్రైవే సరిచేస్తుంది. ఇంక ఏ మోటారైతేనేం అనుకున్నాను.

స్విచ్ వేశాను. కొత్తది బుద్ధిగా తిరిగింది. పాతది కీచుమని వెనక్కి పరుగెత్తింది.

మార్చి 10

పాతదాని వైర్లు తిరగబడ్డాయి. ముందుకు వెళ్ళమంటే వెనక్కి వెళ్తోంది, అది చూసి డ్రైవు ఇంకా గట్టిగా తోస్తోంది. తప్పు పెరిగేకొద్దీ జోరు పెరుగుతుందన్నమాట. మా మేనేజరు గుర్తొచ్చాడు. రెండు వైర్లు మార్చాను. తిరిగింది.

మార్చి 14, సాయంత్రం

ఇసుక బస్తాలు పెట్టి చూద్దామంటే మా ఆయన తానే ఎక్కుతానన్నారు. ప్రేమతో కాదు, బస్తాలు మోయడం ఇష్టం లేక.

కొత్త వైపు జానెడు లేచేసరికి పాత వైపు అందులో సగమే లేచింది. పలక వాలి ఇరుక్కుపోయింది. ఈయన పక్కనున్న స్తంభాన్ని కావలించుకుని కళ్ళు మూసుకున్నారు. దిగమంటే దిగరు. కాలు చాపితే నేల తగులుతుందని చెప్పినా నమ్మరు. నాయనమ్మ పైనుంచి తొంగిచూసి, తనను కూడా ఇలాగే దించుతావా అని అడిగింది. వాచీల తాత వచ్చి ఈయన పాదం కింద స్టూలు పెట్టాడు. నవ్వలేదు. చాలా కష్టపడి నవ్వలేదు.

మార్చి 15

పాత ఎన్‌కోడర్ లెక్క వేరు. ఒక చుట్టుకి కొత్తదానికంటే రెట్టింపు అంకెలు పంపుతుంది. నేను రెండింటికీ ఒకే సెట్టింగ్ కాపీ కొట్టాను. సగం తిరగ్గానే అది మొత్తం తిరిగేశానంటోంది, డ్రైవు నమ్మేస్తోంది. ఆఫీసులో ఎవరికీ చెప్పను.

మార్చి 18

ఇప్పుడు సమంగా లేస్తోంది. కానీ బరువు పెడితే పాతది వెనకబడుతోంది. కరెంటు పెంచాను. గజగజ వణికింది. ఇంకా పెంచాను. కాలిన వాసన.

మా ఆయన ముక్కు మూసుకుని వచ్చారు. ఎందుకలా దాన్ని చంపుతున్నావని అడిగారు. కొత్తదాన్ని అందుకోవడం లేదన్నాను.

"మనం నడిచేటప్పుడు నువ్వు ఎలాగూ ఆగవు. ఆ కొత్తదాన్నయినా ఆగమను."

కోపం వచ్చింది. ఆ తర్వాత కంప్యూటర్ తెరిచాను.

మార్చి 22

ఇప్పుడు ఏ మోటారు వెనకబడితే దానికోసం రెండోది ఆగుతుంది. పాతదానికి విడిగా సెట్టింగులు పెట్టాను, వణుకు పోయింది. కటకటాలు, బెల్టున్న కుర్చీ బిగించాను. రోజంతా ఇసుక బస్తాలు పైకీ కిందికీ తిరిగాయి. మీద పెట్టిన గ్లాసులో నీళ్ళు తొణకలేదు. మా ఆయన్ని ఎక్కమన్నాను. ఆఫీసుకి టైమైందన్నారు. ఆదివారం.

మార్చి 25

నాయనమ్మ జుట్టు దువ్వుకుని, కళ్ళజోడు తుడుచుకుని ఎక్కింది. వీధిలో జనం నిలబడిపోయారు. పలక నెమ్మదిగా, తిన్నగా దిగింది. నా భుజం పట్టుకుని వీధి దాటి బల్ల ముందు కూర్చుంది. చాలాసేపు చదరంగం వైపు చూసింది.

ఆపేసిన ఆటలో తను పోగొట్టుకోవలసిన ఏనుగు అక్కడే ఉంది. గుర్రం కూడా. మోసం జరిగిన మాట నిజమే. జరిగింది ఈవిడ తరఫున.

ఎందుకలా చేశారని అడిగింది. తాత చేతిలోని వాచీ కింద పెట్టాడు.

"ఓడిపోతే మీరు బాల్కనీలోకి రావడం మానేస్తారేమోనని."

నాయనమ్మ కళ్ళజోడు తీసి మళ్ళీ తుడుచుకుంది. అప్పటికే అది శుభ్రంగానే ఉంది.

"మొదట్నుంచి పేర్చండి. ఈసారి నా చేతులు కూడా చూస్తూ ఉండండి."

మార్చి 26

వాన. నాయనమ్మ వరసగా మూడు ఆటలు ఓడింది. పైకి రానంటోంది. గొడుగొక్కటే లిఫ్టులో కిందికి వెళ్ళింది.