నుదుటి వెనక

ప్రియమైన పిచ్చుకకు,

అమ్మ దీవెనలు. మీ నాన్నగారు పోయాక ఇల్లు మరీ సద్దుమణిగింది. మందుల డబ్బాలు ఇంకా కిటికీ దగ్గరే ఉన్నాయి. తీయబుద్ధి కాలేదు.

మీ ల్యాబులో ఆయన మెదడు పరీక్ష పూర్తయిందా? మొన్న మీ బాబాయి వచ్చి మళ్లీ అదే పాట. "వదినా, అన్నయ్య నిన్ను పిచ్చిదని అందరికీ చాటి, నీ స్నేహితురాలితో వెళ్లిపోయాడంటే అది అన్నయ్య పని కాదు. జబ్బు చేయించింది. మనమ్మాయే చెప్పిందిగా!" అవునన్నాను. నువ్వు ఫోన్లో చెప్పబట్టేగా, అన్నేళ్ల తర్వాత మతిమరుపుతో గుమ్మంలో నిలబడ్డ మనిషిని లోపలికి రానిచ్చాను. ఒళ్లు తుడిచాను, ముద్దలు కలిపి పెట్టాను.

నన్ను వదిలి వెళ్లేనాటికే జబ్బు ఉందని తేలిందా, లేదా? రెండు ముక్కలు రాయి చాలు.

ఉంటాను,
అమ్మ

*

ప్రియమైన అమ్మా,

ఇక్కడ ఒకటే వాన. పై అంతస్తు ఆవిడ కుక్క ఉరుముకు భయపడి మా తలుపు గీకుతోంది. నిన్న లోపలికి రానిస్తే ఏకంగా నా మంచమే ఎక్కి పడుకుంది. దించబోతే గుర్రుమంది. ఎవరి ఇల్లో ఏమిటో!

పరీక్షకు సమయం పడుతుందమ్మా. మెదడును ముందు మందునీళ్లలో ఉంచి గట్టిపరచాలి. ఉల్లిపొర కన్నా పల్చగా కోసి రంగు వేయాలి. ఇదివరకు చెప్పాను కదా, కణంలో తయారయ్యే ప్రొటీన్ సరిగ్గా మడత పడాలి. పాడైనదాన్ని కణమే ఊడ్చిపారేయాలి. వయసు మీద పడ్డాక ఆ ఊడ్పు సాగదు. తప్పుగా మడత పడ్డవి ఒకదానికొకటి అతుక్కుని ఉండలు కడతాయి. అవి ఎక్కడ చేరితే అక్కడి పని చెడుతుంది. నుదుటి వెనక చేరితే మనిషికి సిగ్గూ జాలీ పోతాయి.

తొందరపడకు. నీ మోకాలి నొప్పి ఎలా ఉంది?

నీ పిచ్చుక

*

ప్రియమైన పిచ్చుకకు,

కుక్క గురించి అంత రాసి, నాన్న గురించి తొందరపడకు అంటే నాకు అర్థం కాదనుకున్నావా? మీ ల్యాబుకు ఫోన్ చేశాను. ఎవరో ఆవిడ, "ఫలితం మీ అమ్మాయి ఎప్పుడో చూసుకున్నారండీ" అంది.

కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుందని ఊరుకున్నావా? పడితే నా కాళ్ల మీదే కదా. పడనీ.

మోకాలు బాగానే ఉంది.

అమ్మ

*

అమ్మా,

మా పెద్ద డాక్టరుగారు, "నువ్వు చూడొద్దమ్మా, నేను చెబుతాలే" అన్నారు. వినలేదు. నేనే చూశాను.

జ్ఞాపకాలు ఉండే భాగం నిండా ఉండలే. చివర్లో నన్ను గుర్తుపట్టకపోవడం జబ్బే, అందులో నటన లేదు. కానీ నుదుటి వెనక భాగం కుంచించుకుపోకుండా బాగానే ఉంది. అక్కడక్కడా కొన్ని ఉండలు, అవీ ఈమధ్య చేరినవే. నేను వెతికిన జబ్బు ఆ రోజుల్లోనే మొదలై ఉంటే ఇప్పటికి అదంతా ఎండుకాయలా ముడుచుకుపోయి ఉండాలి. మళ్లీ కోయించి, మళ్లీ రంగు వేయించి చూశాను. లేదమ్మా. అక్కడ ఆ జబ్బు జాడే లేదు.

నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలయ్యాయి. నువ్వు పనిచేసే యూనిఫారాల షాపులో, "పిచ్చిదట, ఎవరినైనా పొడుస్తుందేమో" అని నీ చేతిలో కత్తెర లాక్కున్నారు. అన్ని రకాల కత్తిరింపులూ తెలిసిన నువ్వు మూలన కూర్చుని గుండీలు కుట్టావు. బడి నుంచి వచ్చి చూసేదాన్ని. అదంతా తెలివిలో ఉండి చేశాడు. అలాంటి మనిషికి నేను గడ్డం గీశాను, నిద్రపట్టకపోతే పాటలు పాడాను. నా చేతులు నాకే రోతగా ఉన్నాయి. నిన్నూ నమ్మించాను. ఎలా చెప్పాలో తెలియలేదు.

పిచ్చుక

*

నా చిట్టితల్లికి,

నీ ఉత్తరం మీ బాబాయికి చదివి వినిపించాను. "ఇప్పుడివన్నీ ఎందుకు వదినా, పోయినవాడు పోయాడు" అన్నాడు. టీ ఇవ్వకుండా పంపించేశాను. ప్రాణం హాయిగా ఉంది.

ఇప్పుడు నేను దాచింది విను.

అతను తిరిగొచ్చిన కొత్తలో, ఇంకా మాట తెలుస్తున్నప్పుడు, ఒక మధ్యాహ్నం గోళ్లు తీస్తూ అడిగాను. "నన్ను పిచ్చిదన్నారే, అప్పుడు మీకు ఒంట్లో బాగాలేదా?" నా ముఖంలోకి సూటిగా చూశాడు. "బాగానే ఉన్నాను. నువ్వు పిచ్చిదానివంటే వెళ్లిపోయినా నన్నెవరూ తప్పు పట్టరనుకున్నాను" అన్నాడు. ఆ వెంటనే టీ అడిగాడు. పెట్టి ఇచ్చాను. మర్నాడు నిలదీద్దామని కూర్చుంటే, "మీరెవరండీ?" అన్నాడు. తిట్టడానికి కూడా మనిషి మిగల్లేదు నాకు.

ఆ మాట నీకు చెబుదామనే ఉంది. అదే వారం నువ్వు వచ్చావు. అన్నేళ్లకు మొదటిసారి నీ నోట "నాన్నా" అని విన్నాను. నీ ముఖం చూశాక నోరు రాలేదు. పైగా, ఆ అన్నది కూడా జబ్బేనేమో అని ఒక మూల ఆశ. వెళ్లిపోయాక కూడా అన్నేళ్లు బస్సు నడిపాడు, ఎవరికీ గీత పడనివ్వలేదు. నా ఒక్కదాని విషయంలోనే మతి తప్పిందా అని ఎన్నిసార్లు అనుకున్నానో! అందుకే పరీక్ష సంగతి అడిగాను.

అయినా నీ మీదా కోపం ఉంది, చెప్పనీ. నేను ఎప్పుడు కాస్త గట్టిగా మాట్లాడబోయినా, "అది నాన్న కాదమ్మా, ప్రొటీన్" అనేదానివి. నీకు నాన్న దొరికాడు. నాకు నోరు పోయింది. పిచ్చిదన్నప్పుడు ఎవరూ నా మాట వినలేదు. జబ్బు అన్నప్పుడూ ఎవరూ వినలేదు. మోసం చేసింది అతనే. దాన్ని మోసం అనడానికి వీల్లేకుండా చేసింది మీరందరూ.

నీ చేతులను రోసుకోకు. మనిషి పక్క తడుపుకుంటే మార్చాలి, మార్చాం. అందుకు నేను సిగ్గుపడను, నువ్వూ పడకు.

ఈ వారం సెలవు పెట్టి రా. డాక్టరుగా రాకు. నేను ఒక్కొక్కటే మొదటి నుంచి చెబుతాను, తిడతాను, ఏడుస్తానేమో కూడా. పక్కన కూర్చో. "పాపం" అని మాత్రం అనకు.

ఎదురు చూస్తూ,
అమ్మ