కిటికీ ముందు బల్బు

1969 నవంబరు 28, శుక్రవారం

ఊరి నుంచి వచ్చి గది తలుపు తీస్తే ఒళ్లు మండిపోయింది. వానాకాలం దాకా గూళ్లలో నిద్రపోవాల్సిన నా దసలి పట్టుపురుగులు రెక్కలతో బయటికొచ్చి, వాటిని ఉంచిన జాలీ పెట్టె నిండా గుడ్లు పెట్టేశాయి.

ఇంటి ఓనరు ఖాలమ్మ నవ్వుతూ చెప్పింది. "రంజాన్ షురువైనసంది తెల్లారకముందే తినేటందుకు సహరికి లేస్తున్నం గద బేటా. పాపం, నీ పురుగులు చీకట్ల ఎట్లుంటయని నీ కిటికీ ముంగట గూడ రాత్రంత బల్బు పెట్టిన."

పగలు చిన్నదై, చలి పెడితేనే అవి పడుకుంటాయి. రాత్రంతా వెలుగు తగిలితే పొద్దు పెరిగిందనుకుని లేస్తాయి. ఈ చలికాలంలో పుట్టే పిల్లపురుగులకు మేతకు లేత మద్దాకు ఎక్కడ తేను? నా పరిశోధన మట్టిపాలు.

బల్బు తియ్యమంటే, "ఈద్ దాక ఉండనీ" అంది. ఆమె పంపిన హలీం ముట్టలేదు.

ఆ బల్బు ఇప్పుడు నా మొహం మీదే వెలుగుతోంది. నాకూ నిద్ర పట్టడం లేదు.