సదస్సులో మౌనవ్రతం

గురువారం, ఉదయం

కోల్‌కతాలో మెదడు క్యాన్సర్ సదస్సు ఇవాళే మొదలు. నా దగ్గర పరిశోధన చేసిన మధుపర్ణ ఆదివారం మాట్లాడుతుంది. ఆమెకు ఉద్యోగం ఇవ్వాలో వద్దో తేల్చే డాక్టర్ సన్యాల్ ముందు వరసలో ఉంటాడట. నిన్న ఫోన్ చేసి బతిమాలింది. "సర్, మీకు దండం పెడతాను. నన్ను మాత్రం ప్రశ్నలు అడక్కండి."

ఆమెనొక్కదాన్నే వదిలేస్తే శిష్యురాలని వెనకేసుకొచ్చాడంటారు. అందుకే నాలుగు రోజులూ ఎవరినీ ఏమీ అడగను. అయిపోయింది, అంతే.

లూచీలు వడ్డిస్తూ మా ఆవిడ నవ్వింది. "నువ్వా? పెళ్లిపీటల మీద పురోహితుణ్ణి ఆపి మంత్రానికి అర్థం అడిగిన మనిషివి."

గురువారం, సాయంత్రం

ఆరు ప్రసంగాలు. నోరు విప్పలేదు. హాయిగా ఉంది. పక్క సీట్లోని పరితోష్ నా నుదుటి మీద చెయ్యి పెట్టి చూశాడు. "భట్టశాలి దాదా, ఒంట్లో బాగుందా?"

ఇంత తేలికని తెలిస్తే ఎప్పుడో మానేసేవాణ్ణి.

శుక్రవారం

ఒక కుర్రాడు గ్రాఫులో ఎర్ర గీత ఏమిటో రాయలేదు. అడిగాను. అది ప్రశ్న కాదు, కనుక్కోవడం. లెక్కలోకి రాదు.

మధ్యాహ్నం ఇంకోసారి లేచాను. అది సలహా. అదీ లెక్కలోకి రాదు.

శనివారం

పొద్దున నిగ్రహంగానే ఉన్నాను. కానీ ఒక పెద్ద ఆచార్యుడు కణితి తగ్గిన మూడు ఎలుకలను చూపించి కూర్చోబోయాడు. మిగతా ఎలుకలేమయ్యాయి? ఎవరో ఒకరు అడగాలా వద్దా? అడిగాను. మళ్లీ అడిగాను. మైకు లాక్కున్నారు. మైకు లేకుండా అడిగాను. భోజనాలు ఆలస్యమై చేప వేపుడు చల్లారిపోయింది.

ఆ ఊపులో సాయంత్రం ఎవరినీ వదల్లేదు. సరే, పోయిందేదో పోయింది. రేపు మధుపర్ణ జోలికి మాత్రం వెళ్లను. మాట ఇచ్చాను.

ఆదివారం, ప్రసంగం అయ్యాక

చక్కగా చెప్పింది. కణితి కణాలు పక్కనున్న నాడీకణాలతో లంకె పెట్టుకుని ఎలా బలుస్తాయో చూపించింది. "ప్రశ్నలు?" అన్నాడు అధ్యక్షుడు. హాలంతా నా వైపు తిరిగింది. నేను పైకప్పు చూశాను. నేనే లేవకపోయేసరికి ఇంకెవరూ లేవలేదు. సన్యాల్ పెన్ను మూత పెట్టేశాడు.

నిలబడ్డాను, ఇచ్చిన మాట మీద.

ఆదివారం, టీ తర్వాత

మధుపర్ణ కళ్లనిండా నీళ్లతో వచ్చింది. "భట్టశాలికే అడగబుద్ధి కాలేదంటే అందులో సరుకేముంటుందని సన్యాల్ గారు అంటున్నారు, సర్."

"నువ్వే కదమ్మా వద్దన్నావు."

"ఊళ్లోవాళ్లందర్నీ అడిగి నన్నొక్కదాన్నే వదిలేయమన్నానా?"

ఆమెను సన్యాల్ టీ తాగుతున్న చోటికి లాక్కెళ్లి, అందరి మధ్యా అడిగాను. "ఆ నాడీకణాలను మందుతో ఊరుకోబెడితే కణితి ఆగిందా?"

తడబడింది. "ఆగింది సర్. మందు ఆపగానే మళ్లీ మొదలైంది."

"ఎందుకని?"

ఇక, నా మీది కోపంతో కాబోలు, జవాబులతో దులిపేసింది. నేనూ వదల్లేదు. అయిదో ప్రశ్న దగ్గర సన్యాల్ నన్ను భుజంతో పక్కకి నెట్టాడు. "మీరుండండి దాదా, ఆరోది నేనడుగుతాను."

సోమవారం

సన్యాల్ ఉద్యోగంలో చేరమన్నాడట. మధుపర్ణ సందేశ్ మిఠాయి పొట్లంతో వచ్చి కాళ్లకు దండం పెట్టింది. వచ్చే నెల భువనేశ్వర్ సదస్సులో పూర్తి మౌనమని చెప్పాను.

"మరి నన్నెవరు అడుగుతారు సర్?" అంది.

అడగడమే గానీ జవాబు చెప్పే అలవాటు నాకు లేదు. సరే, ఈసారి ఆమెను తప్ప ఇంకెవరినీ ఏమీ అడగను. ఇవాళ్టి నుంచే.