మెడ వంచి వినే కుక్క

అక్కా,

కుట్టుమిషను ముందు నడుం పట్టేయకుండా మధ్యమధ్య లేచి నాలుగడుగులు వేస్తున్నావనుకుంటాను. నేనిక్కడ బాగానే ఉన్నానని రాయబోయి మూడు కాగితాలు చింపేశాను. ఇది నాలుగోది.

మా బొమ్మల గది నువ్వెప్పుడూ చూడలేదు కదా. మధ్యాహ్నం మట్టి క్లాసు మొదలైన కాసేపటికి పిల్లల మాటలు వాటంతటవే సన్నగిల్లుతాయి. నలభై చేతులు తడిమట్టిలో మెదులుతుంటే గది గదంతా నీళ్లలోకి దిగిపోయినట్టుంటుంది. కిటికీల్లోంచి పడ్డ ఎండ ఒక బల్ల మీంచి ఇంకో బల్ల మీదికి మెల్లగా జరుగుతుంది. ఎవరి ముక్కుకి మట్టి అంటిందో ఎవరికీ పట్టదు. ఇరవై ఏళ్లుగా ఆ కాసేపటి కోసమే బడికి వెళ్తున్నానేమో.

ఆ గదిలో ఎనిమిదేళ్ల పిల్ల ఒకతి ఉంది. ఏ పనైనా నిదానంగా చేస్తుందని తోటిపిల్లలు "నత్తమ్మ" అంటారు. మూడు వారాలు కూర్చుని ఒక కుక్కను చేసింది. బొమ్మలో ప్రాణముంది గానీ మెడ ఒక పక్కకి ఒరిగిపోయింది. ప్రదర్శనలో పెట్టాలి కదా అని, పిల్లలంతా వెళ్లాక తడిగుడ్డ తీసి మెడ నిటారుగా నిలబెట్టాను. రెండు నిమిషాల పని. దానికే మొదటి బహుమతి వచ్చింది. పెద్ద మేడమ్ పిలిస్తే ఆ పిల్ల వచ్చి, బొమ్మకేసి చాలాసేపు చూసింది.

"ఇది మా కుక్క కాదు టీచర్."

"నీదేనమ్మా. మెడ కాస్త సరిచేశానంతే."

"మా కుక్కకి ఒక చెవి వినపడదు. అందుకే మెడ వంచి వింటుంది."

ఏడవలేదు. బహుమతి బల్ల మీదే వదిలేసి వెళ్లిపోయింది. రెండు వారాలైంది, నా క్లాసుకి రావడం లేదు.

ఇక అసలు సంగతి. పదేళ్లప్పుడు నేను పోటీకి వేసిన బొమ్మ గుర్తుందా, అమ్మ బట్టలు మడతపెడుతున్నది? చెయ్యి ఎంతకీ కుదరక, విసుగొచ్చి ఆడుకోడానికి పోయాను. తిరిగొచ్చేసరికి దాని ముందు నువ్వు, నీ చేతిలో బ్రష్షు. బొమ్మలో చెయ్యి అచ్చం అమ్మదే. పోటీలో నెగ్గాను. ఆ గెలుపు చూసే నాన్న, పెద్దయ్యాక నన్ను బొమ్మల కాలేజీలో చేర్చాడు. ఈ ఉద్యోగమొచ్చింది. అన్నీ నువ్వు వేసిన ఆ చేతి మీద నిలబడ్డవే. నేనెప్పుడూ అడగలేదు, నువ్వూ చెప్పలేదు. ఎవరైనా నన్ను మెచ్చుకున్నప్పుడల్లా వేరొకరి చొక్కా వేసుకుని తిరుగుతున్నట్టుండేది. తెలిసి తెలిసీ ఆ చొక్కానే ఒక పసిదానికి తొడిగాను. రాజీనామా రాసి పెట్టుకున్నాను. నెలాఖరుకి ఇచ్చేస్తాను. నీతో చెప్పకుండా ఇవ్వబుద్ధి కాలేదు.

నీ చెల్లి


ఒసేయ్ పిచ్చిమొహమా,

నీ ఉత్తరం చదివి, కత్తెర చేతిలో ఉండగానే కూలబడ్డాను. కొలతలివ్వడానికి వచ్చినావిడ కంగారుపడి నాకే మంచినీళ్లు ఇచ్చింది.

బ్రష్షు పట్టుకున్న మాట నిజమే. సరిచేద్దామనే కూర్చున్నాను. రంగులో ముంచేలోగా అమ్మ వచ్చింది. నా వెనకాల నిలబడి ఆ చేతినే చూస్తూ, "నా వేళ్లు ఇంత అలిసిపోయాయా?" అంది. రెండు చేతులూ వెనక్కి దాచుకుంది. ఇక దాన్ని ముట్టుకోవడానికి నాకు మనసు రాలేదు. ఒక్క గీత కూడా నాది కాదే. తడిగా ఉన్నప్పుడు ఒకలా ఉన్న రంగు ఆరాక ఇంకోలా ఉంటుందని బొమ్మల టీచరుకి దర్జీదాన్ని నేను చెప్పాలా?

మరి ఇన్నాళ్లూ ఎందుకు నోరు విప్పలేదంటావా? నీ చూపులో అనుమానం ఆ రోజే కనిపెట్టాను. మనింట్లో ముందు బొమ్మలు వేసింది నేను. ఎవరూ చూడలేదు. నీ గెలుపులో నాకూ ఓ ముక్క ఉందని ఒక్కరైనా అనుకుంటున్నారు కదా అని ఊరుకున్నాను. అది ముప్పై ఏళ్లు నీ గుండెల మీద కూర్చుంటుందని తెలియదు. తప్పు నాదే. తిట్టాలనుంటే తిట్టు. ఉద్యోగం మాత్రం మానకు. ముందు ఆ పిల్ల ఇంటికి వెళ్లు.

నీ అక్క


అక్కా,

నిన్ను తిడదామనే కూర్చున్నాను. ముందు ఏడుపొచ్చింది, తర్వాత నవ్వొచ్చింది.

ఆదివారం తడిమట్టి ముద్ద సంచిలో వేసుకుని వెళ్లాను. సైకిళ్లు బాగుచేసే దుకాణం, దాని మీద వాళ్ల ఇల్లు. తండ్రి చేతుల గ్రీజు తుడుచుకుంటూ, "పైకెళ్లండి టీచరుగారూ, మెట్ల మీదే ఉంటుంది" అన్నాడు. ఆ పిల్ల పక్కన కుక్క పడుకుని ఉంది.

"నిన్ను అడక్కుండా నీ బొమ్మ మార్చాను. తప్పు చేశానమ్మా" అన్నాను.

ఆ పిల్ల సన్నగా ఈల వేసింది. కుక్క లేచి, మెడ వంచి, ఆ ఈల ఎక్కణ్ణుంచి వస్తోందా అన్నట్టు అలాగే నిలబడిపోయింది.

"చూశారా?"

"చూశాను."

"అయితే ఇప్పుడు మీరు చెయ్యండి."

మెట్ల మీదే కూర్చుని చేశాను. కింద ఎవరిదో సైకిలు చక్రం ఊరికే తిరుగుతున్న చప్పుడు. ఎంతసేపైందో తెలియలేదు. నా కుక్కకి ముక్కు మరీ పొడుగైపోయింది. ఆ పిల్ల దాని మీదికి వేలు చాపి, సగంలో ఆపేసింది.

"ముట్టుకోనా టీచర్?"

ఇరవై ఏళ్లలో ఎన్ని వందల బొమ్మలు సరిచేశానో, ఈ మాట ఏ ఒక్కరినీ అడగలేదక్కా. తలూపాను. ఒక్క నొక్కు నొక్కింది. ముక్కు ఊడి నా ఒళ్లో పడింది. ఇద్దరం పడీపడీ నవ్వాం. మంగళవారం క్లాసుకి వస్తానంది. రాజీనామా కాగితం చింపేశాను.

సెలవులివ్వగానే బయల్దేరి వస్తాను. నువ్వు బొమ్మలు వేసేదానివని నాకు తెలియనే తెలియదు. ఏమేం వేసేదానివో మొదటినుంచీ చెప్పు. మధ్యలో అడ్డు రాకుండా వింటాను.

ఇంకా కాస్త కోపంగానే,
నీ చెల్లి