మహాప్రసాద్ గురించి మంగ అడిగిన ప్రశ్న

కోంటా,
9 నవంబరు 2018.

చిరంజీవి మంగాదేవికి,

తాత చెన్నకేశవులు దీవించి రాసేది. హైదరాబాదులో నువ్వు క్షేమమని తలుస్తాను. ఇక్కడ మీ నానమ్మ రామసుబ్బమ్మ క్షేమం, ఆమె నోరు అంతకంటే క్షేమం. నా మోకాళ్ళు మాత్రం వేరు కాపురం పెడతామంటున్నాయి.

నీ కవరు అందింది. పన్నెండో తరగతి పిల్లలు ఎవరి ప్రశ్న వాళ్ళే ఎంచుకుని, ఎవరి జవాబు వాళ్ళే వెతుక్కుని, ఐదువేల మాటల్లో రాసి, పెద్దల ముందు నిలబడి ఒప్పించాలని రాశావు. అది చూసే యూనివర్సిటీవాళ్ళు సీటిస్తారట. అంటే పాఠం చెప్పాల్సిన మాస్టారు కూర్చుని వింటాడు, నువ్వు నిలబడి చెబుతావు, ఫీజు మాత్రం ఆయనకే. ఐదో తరగతిలోనే బడి మానేసి తెలివైన పని చేశాననుకున్నాను. ఇట్లాంటి మాస్టరు ఉద్యోగం ఉందని తెలిస్తే ఇంకో నాలుగేళ్ళు కూర్చునేవాణ్ణి.

ఫోన్లో చెబితే చెల్లదు, సాక్ష్యం కింద నా చేతిరాతే కావాలి, కింద సంతకం కావాలి అన్నావు. రాస్తున్నాను. దీన్ని పరిశోధన వెనకాల కుట్టుకో.

నీ ప్రశ్న మళ్ళీ చదివాను. కులం వేరు, భాష వేరు అయిన ఇద్దరి మధ్య మహాప్రసాద్ స్నేహం కొట్లాట రోజుల్లో ప్రాణం కాపాడుతుందా అని కదా. నలభై ఏళ్ళ కిందట జగదల్‌పూర్‌లో గోంచా పండగకు, అంటే అక్కడి రథయాత్రకు, జగన్నాథుడి ప్రసాదం నేనొక దోర్ల తెగ రైతు నోట్లో పెట్టాను, అతను నా నోట్లో పెట్టాడు. ఆ రోజు నుంచి అతను నాకు మహాప్రసాద్, నేను అతనికి మహాప్రసాద్. ఇక చచ్చేదాకా ఒకరి పేరు ఒకరు నోటితో అనకూడదు. అంటే ఆ స్నేహం అక్కడికి తెగిపోయినట్టే. ఒకరింట్లో చావైతే రెండిళ్ళకూ మైల. మీ నానమ్మ నా పేరు పలకదు, నేను అతని పేరు పలకను, ఇంక ఈ ఇంట్లో బారసాలలెందుకని మా అమ్మ దెప్పేది. అందుకే ఇక్కడా అతని పేరు రాయడం లేదు.

ఇక జరిగింది. అది 2006 ఎండాకాలం. సంతకు పోయే దారి పొడవునా పల్లెలు కాలిపోయి ఉండేవి. ఒక ఇంటి ముందు ఆవు, కట్టేసింది కట్టేసినట్టే కాలి నిలబడి ఉంది. తుపాకులు రెండు వైపులా ఉండేవి, అడవిలోని అన్నల దగ్గరా, వాళ్ళమీదికి సర్కారు లేపిన గుంపుల దగ్గరా. నువ్వు ఎవరివైపని అడిగేవాళ్ళు, జవాబు చెప్పేలోపే దెబ్బ పడేది.

భేజ్జి సంతలో నేను ఉప్పు, పొగాకు పెట్టుకుని తరాజు దగ్గర కూర్చున్నాను. మహాప్రసాద్ నా వెనకాల ఇప్పపువ్వు బస్తాలు కుడుతున్నాడు. మిట్టమధ్యాహ్నం ముఖాలకు గుడ్డలు కట్టుకుని పదిమంది దాకా దిగారు. ముందు కోడిపందెం గుంపులోకి దూరి, పందెం పెట్టించే ఆయతు అనేవాణ్ణి గొడ్డలి వెనకతో మోకాలి మీద కొట్టారు. ఎముక విరిగిన చప్పుడు నా దాకా వినపడింది. జనం పరిగెత్తారు. కోళ్ళు మాత్రం కాలికి కత్తులతో ఒకదాన్నొకటి చీరుకుంటూనే ఉన్నాయి, పందెం ఆగిపోయిందని వాటికెవరూ చెప్పలేదు.

ఒకడు నా దగ్గరికి వచ్చి, ఏ సేట్, నీ మహాప్రసాద్ ఎవడో పేరు చెప్పు, చూపించు, అవతలివాళ్ళకు బియ్యం మోశాడంట అన్నాడు హిందీలో. నేను నా అలవాటు కొద్దీ, ఎండలో వచ్చారు, ముందు పొగాకు నమలండి అన్నాను. తుపాకీ మడమతో మూతి మీద కొట్టాడు. నాలుగు పళ్ళు ఉప్పులో పడ్డాయి. మళ్ళీ అడిగాడు. దొరా, పేరు నోటితో అనకూడదు, మా ఆచారం అన్నాను. ఇంకొకడు గొడ్డలి వెనకతో భుజం ఎముక విరగ్గొట్టాడు. తుపాకీ గొట్టం చెవిలో దూర్చారు. పేరు నా నోట్లోంచి రాలేదు. వాళ్ళు పోతూ పోతూ సంతలో ఒక మనిషిని చంపి పోయారు. మహాప్రసాద్ బతికాడు.

నీ మొదటి అధ్యాయంలో రాసింది ఇదే. మీ నాన్న పది పెళ్ళిళ్ళలో చెప్పిందీ ఇదే. చలికి దుప్పటి కప్పుకో. హాస్టల్ కూరలో పురుగొస్తే పక్కన పెట్టి తిను, పరిశోధన చెయ్యకు.

ఇట్లు,
మీ తాత,
చెన్నకేశవులు.

తా.క. మంగా, సంతకం పెట్టి రెండు రోజులైంది. కవరు అంటించలేకపోయాను. పైది కుట్టుకోకు.

నేను పేరు చెప్పలేదు, అది నిజం. వేలు చూపించాను. మహాప్రసాద్ వైపు కాదు. చింతపండు బుట్టతో తరాజు ముందు ఇరుక్కుపోయిన బిజ్జా వైపు. దూరపు పల్లెవాడు. ఎవరికీ బియ్యం మోసినవాడు కాదు. పొద్దున అతను నలుగురి ముందు, ఏంది సేట్, నీ తరాజు కూడా నీలాగే ఒక్కపక్కకే వంగుద్ది అన్నాడు. అందరూ నవ్వారు. ఊరందర్నీ ఏడిపించేవాణ్ణి, ఆ ఒక్క మాట మింగలేకపోయాను. గొట్టం చెవిలో ఉన్నప్పుడు నా కళ్ళకు అతనొక్కడే కనపడ్డాడు.

అతన్ని జుట్టు పట్టి ఈడ్చారు. నేను కాదు, సేట్, నువ్వు చెప్పు, నువ్వు చెప్పు అని దోర్లీలో నన్నే అడిగాడు. నా నోటినిండా నెత్తురుంది. ఉమ్మేస్తే మాట వచ్చేది. ఉమ్మలేదు. మెడ మీద మూడు వేట్లు వేశారు. రెండోదాని తర్వాత కూడా నావైపే చూస్తున్నాడు. అతని భార్య సోమి కుండల అంగళ్ళ దగ్గర ఉంది. ఆమె వచ్చేసరికి అంతా అయిపోయింది. చింతపండు కింద పరిచే పట్టాలోనే శవాన్ని చుట్టి మోసుకుపోయింది.

మహాప్రసాద్ బస్తాల వెనక నుంచి మొత్తం చూశాడు. పదో రోజున మన గుమ్మం ముందుకొచ్చి, చెన్నకేశవులూ అని పేరు పెట్టి పిలిచాడు. అంతే. వెనక్కి తిరిగి సరిహద్దు దాటి అటు భద్రాచలం వైపు పోయాడు. మిరప కోతలకు పోయాడని మీకందరికీ నేను కల్పించి చెప్పాను.

ఇది రాస్తే నీ మొదటి అధ్యాయం కూలిపోద్ది. సీటు సంగతి నాకు తెలియదు. రాయడమా మానడమా నీ ఇష్టం. కానీ ఒక వైపే విని రాస్తే పరిశోధన కాదని నీ కవర్లోనే ఉంది. రెండో వైపు సోమి. ఇప్పటికీ సంతకు వస్తుంది, నా దగ్గరే ఉప్పు కొంటుంది. వేలు చూపించింది ఎవరో ఆమెకు తెలియదు.

సెలవులకు వచ్చేటప్పుడు ఆమెను అడగాల్సిన ప్రశ్నలు రాసుకుని రా. నీకు దోర్లీ రాదు, ఆమెకు తెలుగు రాదు. మధ్యలో నేను కూర్చుంటాను. ముందు నా మాట ఆమెకు దోర్లీలో చెబుతాను. తర్వాత ఆమె నన్ను ఏమంటే అది ఒక్క మాట తగ్గించకుండా నీకు తెలుగులో చెబుతాను. నువ్వు రాసుకో.