ఆ తల్లి తిన్నదా

శనివారం, పుంగనూరు

ఇంకా ఒళ్లు మండుతోంది. మామూలు ఇళ్ల కథలు తీసే జపాన్ దర్శకుడి సినిమా ఒకటి ఇవాళ మా ఏడో తరగతికి చూపించాను. అందులో తల్లి ఇంటిల్లిపాదికీ వడ్డిస్తోంది. పిల్లలు కదలకుండా చూస్తున్నారు. ఇంతలో హెడ్మాస్టర్ వచ్చాడు.

"ఫైటు లేదు, పాట లేదు. యాలమ్మా ఇది పిల్లోళ్లకు? ఆపేయ్."

నేను వెంటనే ఆపేశాను. ఆయన మీద కన్నా నా మీదే నాకు కోపం.

సాయంత్రం బస్సు దగ్గర చౌడేపల్లె నుంచి మా క్లాసుకొచ్చే రెడ్డెమ్మ నా కొంగు పట్టుకుంది.

"టీచర్, అందరికీ పెట్టినాక ఆయమ్మకు ఏమన్నా మిగిలిందా? మాయమ్మకైతే అడుగంటిన సంగటే మిగుల్తాది."

ఆయనకు అందులో కథ కనపడలేదు, సరే. మూడుసార్లు చూసినదాన్ని, ఆ తల్లి తిన్నదో లేదో నాకూ తెలియదు.