తుపాను సాయంలో సన్యాసయ్య పేరు

అమ్మా, ఇక్కడందరం బాగున్నాం, జీడిపప్పు కొట్టు నడుత్తంది. ఫోన్లో సెప్తే మద్దిలో అడ్డం పడతావని కార్డు రాత్తన్నాను.

మన మందస తోటకి తుపాను సాయం రాసినారు. ఎవలికెంతో లిస్టు సచివాలయం గోడకి అంటించినారు. నీ పేరుంది గాని, కౌలుకి సేత్తన్న సన్యాసయ్య పేరు లేదు. ఆయన పెళ్లాం రాజులమ్మ జనం మద్దిలో నన్ను పట్టుకుంది. "ఏటి బాబూ, పడిపోయిన సెట్లు నరికింది మేము, కొత్త మొక్కలేసింది మేము. మీ అమ్మగోరికి తోట ఏపక్కుందో తెల్సా?" అంది. అందరూ నవ్వీసినారు. నేనూ నవ్వీసినాను, ఏటి సేత్తాను.

అగ్రికల్చర్ ఆఫీసరుని అడిగాను. డబ్బులింకా పడలేదట. నెలాఖరులోగా నువ్వు సంతకమెడితే సన్యాసయ్య పేరు ఎక్కిత్తారట. కాయితమెక్కితే భూమి పోద్దని నీ బయ్యం, నాకు తెల్సు. ఆ కాయితం పంట వరకేనట, పట్టా నీ పేరు మీదే ఉంటది. ఈ సాయం రాకపోతే ఆలిద్దరూ తోటొదిలీసి మూలపేట పోర్టు పనికి పోతామంటన్నారు. మరి మొక్కలకి నీల్లు నువ్వొచ్చి పోత్తావేటి?

సెల్లి బిందు నీల్లాడిందా, ఆడపిల్లా మగపిల్లాడా? ఖరగ్‌పూర్‌లో సలెక్కువంటన్నారు, దాన్ని జాగ్రత్తగా సూడు. బావకి పంపిన పప్పు అందిందా? బీరువా తాళం ఎక్కడెట్టావు? పాసుపుస్తకం జిరాక్సు కావాల.

సంతకం కాయితం వేరే కవర్లో పంపుతున్నాను. బావకీ బిందుకీ అడిగానని సెప్పు. నీకు ఇష్టం లేకపోతే మాత్రం ఆ మాట రాజులమ్మకి నువ్వే సెప్పుకో, నావల్ల కాదు.

నీ ఫణీంద్ర, పలాస